ఏడు గంటల టిక్కు

తాడేపల్లిగూడెం,
6 జులై 2025, ఆదివారం

అన్నయ్యకి,

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిడుదురుగాని. మంగళవారం పొద్దున్న హాస్టలు మెట్ల మీద జారి పడ్డాను. కుడికాలు మడమ దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టు, ఆ తర్వాత కర్ర పట్టుకుని నడక. వార్డెనమ్మ మంచమెక్కిందని ఇక్కడి ఆడపిల్లలంతా పండగ చేసుకుంటున్నారు. వాళ్ళ సంగతి లేచాక చూస్తాను.

నా కాలు అటుంచండి. నా బెంగంతా అక్కయ్య గురించే. పదకొండేళ్ళుగా నెలకోసారి నేను ఆకివీడు వచ్చి తనని ఏలూరు డాక్టరుగారికి చూపిస్తున్నాను. గుండెలో కవాటం మార్చినప్పుడు ఆయన అన్నమాట మీకూ గుర్తుండే ఉంటుంది. సాయంత్రం మాత్ర మానితే ఆ కవాటం మీద నెత్తురు గడ్డ కడుతుంది, ఆ గడ్డ తలకెక్కితే మనిషి దక్కదు అన్నారు.

అక్కయ్యకి మతిమరుపు మొదలైంది. పోయిన నెల ఒకే సాయంత్రం రెండు మాత్రలు వేసుకుందనీ, చిగుళ్ళ వెంట నెత్తురు కారిందనీ పక్కింటి హన్నమ్మ చెప్పింది. ఆ చింతపిక్కల లెక్క ఇంక పనికిరాదు. మాత్ర వేసుకోగానే ఈ సీసాలోంచి ఆ సీసాలోకి ఒక పిక్క వెయ్యడం ఇన్నాళ్ళూ బాగానే నడిచింది. ఇప్పుడు పిక్క వేసిందీ లేనిదీ కూడా గుర్తుండట్లేదు తనకి.

అందుకని శనివారం మా అమ్మాయి భాగ్యశ్రీని పంపిస్తున్నాను. నా పాత ఫోను తెస్తుంది. అందులో ఒక ఆర్గనైజరు పెట్టింది. ఏ పని ఏ వేళకో అందులో ఎక్కిస్తే, ఆ వేళకి అదే గుర్తుచేస్తుంది. మీకు వినబడదు గనక గంట బదులు జేబులో వణికేలా పెట్టించాను. వణకగానే తీసి చూసి టిక్కు పెట్టండి. అంతే మీ పని. మిగతాదంతా అదే చూసుకుంటుంది. మీరక్కడ టిక్కు పెట్టగానే ఇక్కడ నా ఫోన్లో పచ్చగా కనబడుతుంది, నా ప్రాణం కుదుటపడుతుంది. అక్కయ్యని ఇంక ఏమీ పట్టించుకోవద్దని చెప్పమన్నాను. ఆ సీసాలు ఖాళీ చేసెయ్యమన్నాను.

ఆ చిన్న చిన్న అక్షరాలు నొక్కుతూ కూర్చోవడం మీకు చికాకని తెలుసు. మన ఉత్తరాలు మనకి ఎలాగూ ఉన్నాయి.

కాలు చాపుకుని రాస్తున్న
మీ ప్రసన్న


ఆకివీడు,
14 జులై 2025

ప్రసన్నకి,

కాలు విరగ్గొట్టుకున్న మనిషివి రెండు పేజీలు పక్కవాళ్ళ గురించే రాశావు. హాస్టలు పిల్లలకి దణ్ణం పెట్టి కొన్నాళ్ళు మంచం మీద కదలకుండా ఉండు.

భాగ్యశ్రీ వచ్చి వెళ్ళింది. రెండు బస్సుల మధ్య గంటసేపు ఉంది. పిల్ల మాట మహా వేగం. పెదాలు చూస్తూ కూర్చున్నానుగాని నాలుగు మాటల్లో ఒకటి చిక్కితే గొప్ప. నాకు జ్వరమొచ్చి చెవులు పోయిన ఈ ముప్ఫై ఏళ్ళలో నేను పూర్తిగా చదవగలిగింది అక్కయ్య పెదాలొక్కటే. తను తిట్టినా దీవించినా నాకు ఒక్క ముక్క పొల్లుపోదు.

ఫోను సంగతి బోధపడింది. ఇది మా డ్రెయిన్సు ఆఫీసు సర్క్యులర్ల రిజిస్టరే, కాకపోతే జేబులో పట్టేంత చేశారు. పైనుంచి కాయితం వస్తుంది. సెక్షన్లో అందరూ చూసి, పక్కన టిక్కు పెట్టి, పొట్టి సంతకం చేస్తారు. పని చెయ్యాల్సినవాళ్ళు చేస్తారు, మనం చూసినట్టు పైవాళ్ళకి తెలియాలి, అంతే. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నా బల్ల మీద ఒక్క కాయితం పెండింగు లేదు. నీ ఫోన్లో కూడా ఉండదు.

సాయంత్రం ఏడింటికి జేబులో తుమ్మెద దూరినట్టు వణుకుతుంది. తీసి చూస్తాను. 'అక్కయ్య సాయంత్రం మాత్ర' అని ఉంటుంది. టిక్కు పెట్టి దేవుడి గూట్లో పెట్టేస్తాను, లేకపోతే ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి. దీపం పక్కన అదొకటి వెలుగుతుంటే అక్కయ్య వింతగా చూస్తోంది.

సీసాలు ఖాళీ చేసి పిక్కలు భాగ్యశ్రీ పట్టుకుపోయింది. అక్కయ్య ఆ ఖాళీ సీసాలు కడిగి, ఎండలో బోర్లించి, మళ్ళీ అలమరలో అదే చోట పెట్టింది.

భీమశంకరం


తాడేపల్లిగూడెం,
24 జులై 2025

అన్నయ్యకి,

మీరు నిజంగా మెచ్చుకోదగ్గ మనిషండీ. ఏడూ రెండుకో మూడుకో నా ఫోన్లో పచ్చగా వెలుగుతోంది. ఒక్కరోజు తప్పలేదు. అది చూశాకే అన్నం తింటున్నాను. హాస్టల్లో ఇరవయ్యేళ్ళ పిల్లలకి ఈ బాధ్యత లేదని మా వాళ్ళకి మీ గురించే చెబుతున్నాను. ఆ సర్క్యులర్ల రిజిస్టరు ముక్క చదివి నేనూ భాగ్యశ్రీ పడీ పడీ నవ్వాం.

ఇంత బాగా సాగుతోంది కదా అని ఇంకొన్ని ఎక్కించాను. పొద్దున్న అక్కయ్య కంట్లో చుక్కలు. పదిహేనురోజులకోసారి గ్యాసు సిలిండరు చూసుకోవడం. ఆగస్టు పదకొండున నెత్తురు పరీక్ష. ఏలూరు తీసుకెళ్ళనక్కర్లేదు, ఆకివీడు బజారులో ల్యాబులో చేస్తారట. ఆ చీటీ ఇక్కడికి పంపితే డాక్టరుగారికి నేను చూపించుకుంటాను.

మాత్రలు ఆగస్టు పన్నెండుకి అయిపోతాయి. ఇక్కడి మందుల షాపులో కొని పంపనా? రాయండి.

ప్రసన్న


ఆకివీడు,
5 ఆగస్టు 2025

ప్రసన్నకి,

వానలు పట్టుకున్నాయి. డ్రెయిన్లన్నీ ఒడ్లు తన్నుతున్నాయి. కొల్లేరు పెరిగిందంటే మన వీధిలో మోకాలు దాకా నీళ్ళని నీకు తెలియనిది కాదు. ఉద్యోగంలో ఉంటే ఈపాటికి గొడుగేసుకుని గట్లమీద ఉండేవాణ్ణి. ఇప్పుడు అరుగు మీద కూర్చుని పక్కవాళ్ళ చేపలచెరువు నీళ్ళెటు పోతున్నాయో చూస్తున్నాను.

మాత్రలు పంపకు. నా నడుం నొప్పి మందు కోసం అక్కయ్య రేకుడబ్బా తీస్తే దాన్నిండా ఉన్నాయి.

అక్కయ్య కులాసా. చిగుళ్ళ నెత్తురు పూర్తిగా తగ్గిపోయింది. నిన్న జంతికలు కూడా కరకరా నమిలింది. మనిషి మాత్రం కాస్త ముభావంగా ఉంటోంది. దీపం పెట్టి, గూట్లో ఫోను తీసి కళ్ళజోడు పెట్టుకుని చూస్తుంది. చూసి అక్కడ పెట్టేసి, కాసేపు నిలబడి, లోపలికి పోతుంది. ఏంటక్కయ్యా అంటే ఏం లేదురా అంటుంది.

నువ్వు ఎక్కించినవన్నీ చూశాను. అన్నిటికీ ఏ రోజుది ఆ రోజు టిక్కు పెట్టేస్తున్నాను.

భీమశంకరం


తాడేపల్లిగూడెం,
13 ఆగస్టు 2025

అన్నయ్యకి,

జంతికలు నమిలిందని చదివి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. చిగుళ్ళు బాగుపడ్డాయంటే మాత్ర సరైన మోతాదులో పడుతోందన్నమాట. ఇన్నేళ్ళూ ఆ పిక్కలతో ఎన్నిసార్లు ఎక్కువ వేసుకుందో. ముందే ఈ ఏర్పాటు చెయ్యాల్సింది.

డబ్బా నిండా ఉన్నాయంటే క్రితంసారి షాపువాడు రెండు నెలలవి ఇచ్చి ఉంటాడు. మంచిదే.

పదకొండో తారీకున నెత్తురు పరీక్షకి టిక్కు పడింది, చూశాను. చీటీలో ఎంత వచ్చిందో వెంటనే రాయండి. రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. డాక్టరుగారు అడుగుతున్నారు.

నా కట్టు ఈ వారంలో విప్పుతారు. విప్పగానే కర్ర పుచ్చుకుని వచ్చేస్తాను. అక్కయ్యకి ఇష్టమని ఇక్కడ పూతరేకులు చెప్పి ఉంచాను.

ప్రసన్న


ఆకివీడు,
18 ఆగస్టు 2025

ప్రసన్నకి,

నెత్తురు పరీక్ష నోటీసు పదకొండున పొద్దున్నే చూశాను, టిక్కు పెట్టాను. ల్యాబునుంచి ఇంతవరకూ ఎవరూ రాలేదు. నువ్వు మాట్లాడి ఉంటావు గనక నీళ్ళు తగ్గాక వస్తారని ఊరుకున్నాను. ఒకసారి గుర్తుచెయ్యి.

అక్కయ్య రెండ్రోజులనుంచి కుడిచెయ్యి తిమ్మిరిగా ఉందంటోంది. కొబ్బరినూనె వెచ్చచేసి రాశాను. నిన్న గ్లాసు జారవిడిచింది. వాన చలికి అనుకుంటాను.

భీమశంకరం


ఏలూరు, ఆసుపత్రి,
26 ఆగస్టు 2025

భీమశంకరం అన్నయ్యకి,

ఆడవాళ్ళ వార్డులోకి రానివ్వరని నిన్ను ఇంటికి పంపారు. మంచిదే అయింది. రెండురోజులు వరండా బల్ల మీద నీ పక్కన కూర్చుని ఒక్క మాట అనలేకపోయాను. అరిచినా నీకు వినబడదు, విన్నవాళ్ళు నన్ను పిచ్చిదనుకుంటారు. ఇప్పుడు రాస్తున్నాను, చదువు.

నీ ఉత్తరం ఇరవయ్యొకటిన మధ్యాహ్నం అందింది. ల్యాబునుంచి ఎవరూ రాలేదన్న ముక్క దగ్గర ఉత్తరం పక్కన పడేశాను. వెంటనే హన్నమ్మకి ఫోన్ చేశాను. అప్పటికే అక్కయ్య పెరట్లో పడిపోయిందనీ, అంబులెన్సు వచ్చిందనీ చెప్పింది.

కుడివైపు మొత్తం పోయింది. మాట పోయింది. గడ్డ తలకెక్కిందన్నారు. ఎన్నాళ్ళ నుంచి మాత్ర ఆపేశారని డాక్టరుగారు నన్ను అడిగారు. ఒక్కరోజు కూడా ఆపలేదండీ, ఇదిగో చూడండని నా ఫోను చూపించాను. ఆయన ఫోను చూడలేదు, నా మొహం చూశారు. హన్నమ్మ చేత రేకుడబ్బా తెప్పించి లెక్కపెట్టాను. జులై పన్నెండు నుంచి ఆగస్టు ఇరవై దాకా నలభై సాయంత్రాలు. నలభై టిక్కులు. డబ్బాలో మాత్ర ఒక్కటి కూడా తగ్గలేదు.

ఏం చూసి టిక్కు పెట్టావు నువ్వు? చేతిలో మంచినీళ్ళ గ్లాసుందా, మాత్రుందా, ఎదురుగా మనిషి ఉందా? నాన్న పోయాక నన్ను పెంచినవాడివి. నువ్వు పచ్చగా వెలిగిస్తుంటే నేను కళ్ళు మూసుకుని నమ్మాను. అక్కయ్యని నువ్వే ఈ స్థితికి తెచ్చావు. ఇంకెలా రాయాలో నాకు తెలియదు.

ప్రసన్నలక్ష్మి


ఆకివీడు,
30 ఆగస్టు 2025

అమ్మా ప్రసన్నా,

నన్ను నువ్వు అని రాశావు. నువ్వు పుట్టాక ఇదే మొదటిసారి. అననీ. అంతకంటే పెద్దమాట అన్నా పడతాను.

నీ జులై ఆరు నాటి ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తప్పించుకోవడానికి కాదు. నేనెక్కడ తప్పు చదివానో వెతుక్కుందామని. 'వణకగానే తీసి చూసి టిక్కు పెట్టండి. అంతే మీ పని. మిగతాదంతా అదే చూసుకుంటుంది.' ఇలా ఉంది. పదిసార్లు చదివాను. మాత్ర నా చేత్తో ఇవ్వాలని ఇందులో నాకు కనబడలేదు. బుర్రున్నవాడికి కనబడి ఉండేదేమో. నాకు కాయితంలో ఉన్నదే కనబడుతుంది. చూడమన్నావు, చూశాను. అక్కయ్య మాత్ర అక్కయ్య ఎప్పటిలాగే వేసుకుంటోందనుకున్నాను. డబ్బా నిండుగా ఉందని నేనే చూసి నేనే నీకు రాశాను, ఎందుకు నిండుగా ఉందని ఒక్కసారి అనుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. చెప్పకుండా దాచుకుందామనుకున్నానుగాని నా ఒక్కడి వల్ల మొయ్యడం కావట్లేదు. నిన్న హన్నమ్మ వచ్చి నా పలక మీద రాసి చెప్పింది. భాగ్యశ్రీ వెళ్ళిన సాయంత్రం నుంచీ అక్కయ్య మాత్ర కోసం చూసిందట. నేను ఇస్తానని పిల్ల చెప్పి వెళ్ళిందట. నేను ఇవ్వలేదు. దీపం పెట్టి గూట్లో ఫోను తీసి చూస్తే, తన పేరు, పక్కన పచ్చ టిక్కు. అయితే ఇవాల్టిది వేసేసుకున్నాను కాబోలు, మళ్ళీ మర్చిపోయాను అనుకుందట. రోజూ అంతే. హన్నమ్మతో అందట, "నా మతి పూర్తిగా పోయిందే హన్నమ్మా. మింగిన మాత్ర నోట్లో పడ్డట్టే గుర్తుండట్లేదు. పాపం వాళ్ళిద్దరూ ఇంత అవస్థపడి గుర్తుపెట్టుకుంటుంటే నేను మళ్ళీ అడిగితే ఏం బావుంటుంది" అని. మాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

రోజూ నా ఎదుటే నిలబడి చూసింది. ఏం లేదురా అంది. ఆ పెదాలు నేను సరిగ్గానే చదివాను. ఆ వెనకున్నది చదవలేకపోయాను.

భీమశంకరం


ఏలూరు,
3 సెప్టెంబరు 2025

అన్నయ్యకి,

ఆ మాట నేనే రాశాను. అంతే మీ పని, మిగతాదంతా అదే చూసుకుంటుంది. నా చేత్తో రాసి, నా చేత్తో అంటించి, హాస్టలు పిల్ల చేత పోస్టు డబ్బాలో వేయించాను. సర్క్యులర్ల రిజిస్టరని మీరు స్పష్టంగా రాస్తే కూతురూ నేనూ కూర్చుని నవ్వుకున్నాం. చిగుళ్ళు తగ్గాయంటే సంతోషించాను. మాత్రలు మిగిలాయంటే షాపువాడి లెక్కన వేశాను. పదకొండేళ్ళు అక్కయ్యని బతికించిన పిక్కల్ని పనికిరావని పారేయించాను. మిమ్మల్ని అన్న మాటలు వెనక్కి తీసుకోవడానికి నాకు మొహం లేదు. మీరు క్షమించొద్దు, ఉత్తరం మాత్రం రాయడం మానకండి.

అక్కయ్యని సోమవారం ఎనిమిదో తారీకున ఇంటికి పంపేస్తారు. ఇంక ఇక్కడ చేసేదేమీ లేదన్నారు. హాస్టలు గదిలో పెట్టుకోలేను. ఎడంచేత్తో వాకిలి వైపే చూపిస్తోంది, తనకి ఆకివీడే కావాలి. సాయంత్రం మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. నూరి, తేనెలో కలిపి, తల ఎత్తి పట్టుకుని నాలిక మీద పెట్టాలి. మీ చేత్తో. మింగిందాకా చూడాలి. చూశాకే టిక్కు పెట్టాలి. భాగ్యశ్రీ పాతవన్నీ చెరిపేసి ఎనిమిది నుంచి కొత్తగా పెట్టింది.

అయినా ఆ పచ్చదనాన్ని నేనింక నమ్మలేను. రోజూ ఒక కార్డు ముక్క కూడా రాయండి. రెండు మాటలు చాలు.

ప్రసన్న


కార్డులు

ఆకివీడు, 8 సెప్టెంబరు. ఇచ్చాను. మింగింది.

9 సెప్టెంబరు. ఇచ్చాను. సగం బయటికొచ్చింది. మళ్ళీ ఇచ్చాను. మింగింది.

11 సెప్టెంబరు. ఇచ్చాను. మింగింది. ఏదో చెప్పింది. నోరు ఎడంపక్కే కదులుతోంది. సగం పెదవిని చదవడం నాకు రాదు. ఏంటక్కయ్యా అని నాలుగుసార్లు అడిగాను. కళ్ళు మూసుకుంది.

15 సెప్టెంబరు. ఇచ్చాను. మింగింది. అలమర వైపు చూపిస్తోందని వారంనుంచి బట్టలు, పుస్తకం, దేవుడి పటం అన్నీ తీసి చూపించాను. ఇవాళ ఖాళీ సీసాలు తీస్తే తల ఊపింది. హన్నమ్మ చింతపండు ఒలిచిన పిక్కలు వంద ఒక సీసాలో పోశాను. ఎడంచేత్తో ఒకటి తీసి రెండో సీసాలో వేసింది.

28 సెప్టెంబరు. ఇచ్చాను. మింగింది. పిక్క వేసింది.

12 అక్టోబరు. ఇచ్చాను. మింగింది. పిక్క వెయ్యడానికి చాలాసేపు పట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

23 అక్టోబరు. ఇచ్చాను. మింగింది. పిక్క చేతిలోంచి జారిపోయింది. ఈసారి నన్ను వెయ్యనిచ్చింది.


తాడేపల్లిగూడెం,
6 నవంబరు 2025

అన్నయ్యకి,

పన్నెండోరోజు అయ్యాక మీ ఇంటి నుంచి వచ్చి తలుపు తీస్తే, కింద మీ ఇరవైమూడో తారీకు కార్డు పడుంది. మింగింది అని ఉంది. ఆ మర్నాడు పొద్దున్నే కదా పోయింది. చెప్పులు విప్పకుండా అక్కడే కూర్చుండిపోయాను.

అక్కడున్నన్నాళ్ళూ మనం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడంతో సరిపోయింది. అక్కయ్య ఆ సగం నోటితో ఏం చెప్పాలనుకుందో నాకూ తెలియదు. నేను చెవులున్నదాన్ని, ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు పక్కనే ఉన్నదాన్ని, నాకూ ఒక్క మాట అర్థం కాలేదు.

ఫోను సంగతి. రోజూ ఏడింటికి ఇంకా వస్తోంది, 'అక్కయ్య సాయంత్రం మాత్ర' అని. ఎప్పటిదాకా అని అది అడిగితే, ఎప్పటికీ అని భాగ్యశ్రీ పెట్టిందట. నాకు చూడటం కష్టంగా ఉంది. నా దాంట్లో తీసేస్తే మీ దాంట్లోనూ పోతుందట. తీసెయ్యమంటారా?

ప్రసన్న


ఆకివీడు,
9 నవంబరు 2025

ప్రసన్నకి,

నీ ఉత్తరం అందింది. నీళ్ళు తగ్గాయి. కొల్లేటి కొంగలు మన పెరటి గోడ మీదికి కూడా వచ్చి కూర్చుంటున్నాయి. వాటికి అన్నం మెతుకులు అక్కయ్య వేసేది, ఇప్పుడు హన్నమ్మ వేస్తోంది.

సీసాలు రెండూ అలమరలో అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో అరవై ఒకటి, ఒకదాంట్లో ముప్ఫై తొమ్మిది. ఇటుది అటు వెయ్యడానికి ఇంక ఎవరూ లేరు. హన్నమ్మ పారబోస్తానంటే వద్దన్నాను.

ఫోన్లోది తియ్యొద్దు. నీకు కష్టంగా ఉంటే నీ ఫోను ఆ వేళకి బోర్లించి పెట్టుకో. ఏడింటికి జేబులో వణుకుతుంది. తీసి చూస్తాను. టిక్కు పెట్టడం లేదు. పెట్టకపోతే మర్నాడు ఎర్రగా వస్తుంది, పక్కన ఎన్ని మిగిలాయో అంకె వేస్తుంది. ఇవాళ పొద్దున్నకి పదహారు. రేపు పదిహేడు అవుతుంది.

ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నా బల్ల మీద ఒక్క కాయితం పెండింగు లేదని నీకు గొప్పగా రాశాను. ఇది నా పేరున పెండింగులో ఉండనీ.

భీమశంకరం